సంక్షేమ భృతిలో నిరీక్షణ కాలం: బ్రిటన్ యూనివర్సల్ క్రెడిట్ అనుభవం

సంక్షేమ భృతిపై జరిగే చర్చ ఎక్కువగా మొత్తం ఎంత అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఆ మొత్తం ఎప్పుడు చేతికందుతుంది, అంతవరకు మనిషి ఎలా బతకాలి అన్న ప్రశ్నలకు అంత ప్రాధాన్యం దక్కదు. వీటిని విస్మరిస్తే ఏమవుతుందో బ్రిటన్‌లోని యూనివర్సల్ క్రెడిట్ స్పష్టంగా చూపింది.

2012 నాటి సంక్షేమ సంస్కరణల చట్టం ఆరు వేర్వేరు భృతులను కలిపి ఈ పథకాన్ని రూపొందించింది. 2013లో దీని అమలు మొదలైంది. ఉద్యోగి జీతంలా ఇదీ నెలకొకసారి, నెల గడిచిన తరువాతే అందుతుంది. దరఖాస్తు చేసిన నాటి నుంచి ఒక నెల మదింపు కాలం, ఆపై చెల్లింపుకు మరో వారం: మొత్తం సుమారు ఐదు వారాలు. గత నెల జీతం కొంతైనా మిగిలి ఉన్నవారికే ఈ లెక్క సరిపోతుంది. రోజుకూలీతో, వారం వేతనంతో బతికేవారికి అటువంటి మిగులు ఎక్కడిది? భర్త హింస తాళలేక పిల్లలతో ఇల్లు వదిలిన స్త్రీకి అసలే ఉండదు.

ఈ వ్యవధిని దాటడానికి ప్రభుత్వం ముందస్తు చెల్లింపు ఇస్తుంది. పేరు ఏదైనా అది అప్పే. తరువాతి నెలల భృతి నుంచి దానిని మినహాయిస్తారు. ఆకలి తీరదు, ఐదు వారాల నుంచి ఏడాది పొడవునా పరచుకుంటుంది. అద్దె బకాయి, పాత అప్పులు, నిబంధన తప్పినందుకు విధించే కోతలు దీనికి తోడవుతాయి. ఈ దశలో గదికీ తిండికీ బదులుగా శరీరాన్ని కోరే ఇంటి యజమాని ఎదురైతే, అతనికి చెప్పే ‘సరే’ను స్వేచ్ఛా సమ్మతిగా పరిగణించడం కష్టం.

బ్రిటన్ పార్లమెంటులోని పని, పింఛన్ల కమిటీ ఫ్రాంక్ ఫీల్డ్ అధ్యక్షతన ఈ విషయంపైనే విచారణ జరిపి, 2019 అక్టోబరులో నివేదిక వెలువరించింది. పథకానికీ ఈ దుస్థితికీ కార్యకారణ సంబంధం రుజువు కాలేదన్నది సంబంధిత శాఖ తొలి వాదన. ఆ జవాబు తీరుపై మంత్రి విల్ క్విన్స్ తరువాత విచారం వ్యక్తం చేశారు. ఆ వాదనలో పద్ధతిపరమైన లోపం ఉంది. సిగ్గు, పోలీసుల భయం, పిల్లలను దూరం చేస్తారన్న బెంగ నోరు నొక్కిన చోట గణాంకాలు వాటంతటవే పుట్టవు. అవి లేకపోవడాన్ని సమస్య లేదనడానికి ఆధారంగా చూపడం పరిశోధకులెవరూ అంగీకరించదగిన తర్కం కాదు.

చట్టపరమైన రక్షణ కూడా వంకరగానే ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అటువంటి యజమానిపై 2003 నాటి లైంగిక నేరాల చట్టం కింద కేసు పెట్టవచ్చు. అయితే అక్కడ వర్తించే సెక్షన్లు వ్యభిచార ప్రేరేపణకు సంబంధించినవి. ఫిర్యాదు చేయదలచిన స్త్రీ ముందుగా ఆ ముద్రకు సిద్ధపడాలి. దంపతుల భృతి సాధారణంగా ఒకే ఖాతాలో జమకావడం మరో చిక్కు. ఖాతా ఎవరి చేతిలో ఉంటే ఇంటిపై అదుపు వారిదే.

మార్పులు రాలేదని కాదు. 2018లో తొలి ఏడు రోజుల నిరీక్షణ తొలగడంతో ఆరు వారాలు ఐదయ్యాయి. భృతి నుంచి మినహాయింపుల గరిష్ఠ పరిమితి ప్రామాణిక మొత్తంలో 40 శాతం నుంచి 2019లో 30కి, 2021లో 25కి, 2025లో 15 శాతానికి దిగింది. ముందస్తు అప్పు తీర్చే గడువు 2021లో రెండేళ్లకు పెరిగింది. ఇవన్నీ అప్పు భారాన్ని తగ్గించినవి. ఆ అప్పును అవసరం చేస్తున్న ఐదు వారాల నిరీక్షణను ఈ సవరణలేవీ తొలగించలేదు.