కేబుల్ పెట్టినా నెట్ రావడం లేదా? ముందు కంప్యూటర్‌ను నమోదు చేయండి

హాస్టల్ గదిలో టేబుల్ పక్కన గోడకు చిన్న నెట్ పోర్టు ఉంటుంది. కేబుల్ ఒక కొస అందులో, రెండో కొస ల్యాప్‌టాప్‌లో పెడతారు. టిక్కుమని కూర్చుంటుంది. పచ్చ లైటు వెలుగుతుంది. అయినా నెట్ రాదు. చాలామంది వెంటనే కేబుల్‌ను అనుమానిస్తారు. లైటు వెలిగిందంటే తీగ పలుకుతున్నట్టే. ఇక రావాల్సింది అనుమతి. చాలా యూనివర్సిటీల్లో కంప్యూటర్‌ను నమోదు చేసుకుంటేనే గోడ పోర్టు నుంచి నెట్ వస్తుంది. నమోదంటే 12 అక్షరాల గుర్తింపును మీ పేరుతో ముడివేయడం, అంతే.

ఏమిటా 12 అక్షరాలు? నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చే నంబరు అది. మ్యాక్ అడ్రస్ అంటారు. ఇందులో 0 నుంచి 9 వరకు అంకెలు, ఇంగ్లిష్ ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు, మొత్తం 16 గుర్తులే వస్తాయి. మన పేర్లలాగే దీనికీ ఇంటిపేరు ముందు ఉంటుంది. మొదటి 6 అక్షరాలు సాధారణంగా తయారీ కంపెనీవి, తర్వాతి 6 ఆ కార్డువి. ఒక్కో ఇంటిపేరు కింద 1,67,77,216 కార్డులకు పేర్లు పెట్టొచ్చు. అన్నీ కలిపితే దాదాపు 281 లక్షల కోట్లు. భూమ్మీద ఉన్న ప్రతి మనిషికీ తలా 30 వేల చొప్పున పంచినా సరిపోతాయి.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉండగా ఇదెందుకు? పాస్‌వర్డ్ మనిషిని గుర్తిస్తుంది, మ్యాక్ అడ్రస్ యంత్రాన్ని గుర్తిస్తుంది. ఏదో ఒక గదిలోని కంప్యూటర్‌కు వైరస్ సోకి వందల మందికి చెత్త మెయిళ్లు పంపుతోందనుకోండి. కంప్యూటర్ సెంటర్ వాళ్లు అది ఎవరిదో చూసి దాన్నొక్కదాన్నే ఆపగలగాలి. లేదంటే బ్లాకు మొత్తానికి నెట్ కట్ చేయాల్సి వస్తుంది. పైగా సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను, అంటే ఎప్పుడు ఏం జరిగిందో చెప్పే చిట్టాను, 180 రోజులు దాచాలి. అంటే ఆరు నెలల చిట్టా.

ఈ నంబరు ఇస్తే నా గుట్టు బయట పడుతుందా? మామూలుగా మ్యాక్ అడ్రస్ మీ లోకల్ నెట్‌వర్క్ దాటి పోదు, మీరు చూసే వెబ్‌సైట్‌కు చేరదు. అయితే క్యాంపస్ నెట్‌వర్క్‌కు మాత్రం మీరెవరో తెలుస్తుంది. అందుకే మీ పేరుతో నమోదైన కంప్యూటర్‌ను ఇంకొకరి చేతికిచ్చేటప్పుడు ఆలోచించండి.

నంబరు ఎక్కడ దొరుకుతుంది? విండోస్‌లో సెర్చ్ పెట్టెలో సీఎండీ అని కొట్టి, తెరుచుకున్న నల్ల కిటికీలో ఐపీకాన్ఫిగ్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ ఆల్ అని రాసి ఎంటర్ నొక్కండి. ఫిజికల్ అడ్రస్ అన్న వరుసలో ఉన్నదే అది. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ల్యాప్‌టాప్‌లో వైఫైకి ఒక నంబరు, తీగకు వేరే నంబరు ఉంటాయి. ఈథర్నెట్ అనే శీర్షిక కింద ఉన్నదే మీకు కావాలి. పోర్టు లేని ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ అడాప్టర్ తగిలిస్తే సాధారణంగా ఆ అడాప్టర్ నంబరే ఇవ్వాలి. అడాప్టర్ మారిస్తే మళ్లీ నమోదు తప్పదు.

నంబరును చేత్తో రాసుకోకండి, కాపీ చేసి అతికించండి. రాయక తప్పకపోతే 8కీ, ఇంగ్లిష్ బీకీ తేడా చూసుకోండి. గుండ్రంగా కనిపించేది ఎప్పుడూ సున్నాయే. ఓ అనే అక్షరం ఆ 16 గుర్తుల్లో లేనే లేదు. యూనివర్సిటీ నమోదు ఫారంలో దీంతోపాటు గది నంబరు కూడా నింపి పంపాక కొన్ని నిమిషాలు ఆగి, కేబుల్ తీసి మళ్లీ పెట్టండి.

వైఫై ఉండగా ఇంత శ్రమ అవసరమా? లెక్క చూడండి. సెకనుకు 1 గిగాబిట్ వచ్చే తీగ మీద 4 జీబీ ఫైలు సుమారు 32 సెకన్లలో దిగుతుంది. పొయ్యి మీద పాలు కాగేలోపే పనైపోతుంది. 100 మెగాబిట్లయితే అదే ఫైలుకు 5 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. కేబుల్‌లో 8 సన్నని తీగలుంటాయి. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి, 100 మెగాబిట్లకు నాలుగు చాలు. నమోదయ్యాక కూడా వేగం సరిగ్గా 100 దగ్గరే ఆగిపోతుంటే అప్పుడు కేబుల్‌ను అనుమానించండి. కొసన ఒక తీగ తెగి ఉండొచ్చు.

చివరిగా ఒక్క మాట. కోర్సు పూర్తయి ల్యాప్‌టాప్ జూనియర్‌కు అమ్మేరోజు, మీ పేరు మీదున్న నమోదు రద్దు చేయించండి. ఆ 12 అక్షరాలు మీ పేరుతో ఉన్నంత కాలం ఆ కంప్యూటర్ చేసే ప్రతి పనికీ ముందుగా మిమ్మల్నే పిలిచి అడుగుతారు.