హెచ్చరిక దీపం వెలిగాక

2009 సెప్టెంబర్ 2 ఉదయం హైదరాబాద్ బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమల దాటలేదు. పావురాలగుట్ట మీద కూలింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరో నలుగురు చనిపోయారు. జమ్మలమడుగులో పుట్టి, అక్కడి క్యాంప్‌బెల్ ఆసుపత్రిలోనే డాక్టరుగా పనిచేసి, పులివెందుల నుంచి రాష్ట్రాన్ని ఏలే దాకా ఎదిగిన మనిషి ఆయన. ఆ రోజు సంగతి ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ఎవరిని కదిపినా చెబుతారు. కూలడానికి కారణం అడిగితే మాత్రం కుట్ర కథలే ఎక్కువగా వినిపిస్తాయి. విచారణలో ఏం తేలిందో చెప్పేవాళ్లు తక్కువ.

విచారణ జరిపిన ఆర్.కె. త్యాగి కమిటీ తేల్చిన విషయం గుండె బరువెక్కిస్తుంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌లో తేడా కనబడింది. దాని సంగతేమిటో తేల్చుకోవడంలో పైలట్లకు ఆరు నిమిషాలకు పైగా పట్టింది. ఎదురుగా ఉన్న వాతావరణం మీద ఉండాల్సిన ధ్యాస అటు మళ్లింది. భారీ మబ్బుల్లో కిందికి తోసేసే గాలి హెలికాప్టర్‌ను లాగేసింది.

ఇలాంటిదే 1972 డిసెంబర్ 29 రాత్రి అమెరికాలో జరిగింది. ఈస్టర్న్ 401 విమానం మయామీలో దిగబోతుండగా ముందు చక్రం దిగిందని చెప్పే చిన్న దీపం వెలగలేదు. సిబ్బంది అంతా దాని చుట్టూ చేరారు. విమానాన్ని ఒకే ఎత్తులో నిలిపే ఆటోపైలట్ అమరిక ఆగిపోయింది, ఎవరూ గమనించలేదు. విమానం మెల్లగా దిగుతూ చిత్తడి నేలలో పడింది. 101 మంది పోయారు. చెడిపోయింది ఆ దీపం ఒక్కటే.

భద్రత అనే వృత్తికి మూలం ఇక్కడే ఉంది. భాగం ఎందుకు చెడిందో ఇంజనీరు చూస్తాడు. అది చెడినప్పుడు మనుషులు ఏం చేస్తున్నారో, వాళ్లను ఆ స్థితికి తెచ్చిందేమిటో భద్రతాధికారి చూస్తాడు. మొదటి పని బాగా తెలిసినవాడే రెండోది చక్కగా చేయగలడని నా నమ్మకం. అందుకు జెరోమ్ లెడరర్ జీవితమే సాక్ష్యం.

1902లో న్యూయార్క్‌లో పుట్టిన లెడరర్ 1920లలో అమెరికా ఎయిర్ మెయిల్ విమానాల ఇంజనీరు. ఉత్తరాలు మోస్తూ పైలట్లు వరసగా చనిపోతున్న కాలమది. తరవాత ఆయన విమాన బీమా సంస్థలో చీఫ్ ఇంజనీరయ్యాడు. ప్రమాదానికి డబ్బు కట్టే చోట కూర్చుంటే, కారణం వెతకడం అలవాటవుతుంది. 1940లో ప్రభుత్వ విమాన భద్రతా విభాగాన్ని నడిపాడు. యుద్ధం ముగిశాక ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్‌ను స్థాపించాడు. 1967 జనవరి 27న అపోలో 1 అగ్నిప్రమాదంలో ముగ్గురు వ్యోమగాములు చనిపోయాక నాసా ఆయన్ని పిలిచింది. చాలామంది రిటైరయ్యే వయసులో మానవసహిత యాత్రల భద్రతను తలకెత్తుకున్నాడు. అపోలో 8లో 56 లక్షల భాగాలు, వాటిలో 99.9 శాతం సరిగ్గా పనిచేసినా 5,600 లోపాలు మిగులుతాయని లెక్క చెప్పాడు. ఆయన 2004 దాకా బతికాడు.

మన దేశంలో విమాన ప్రమాదాల దర్యాప్తు చాలాకాలం డీజీసీఏ చేతిలోనే ఉండేది. అనుమతులిచ్చే సంస్థే తప్పులు కూడా వెతకడం సరికాదు. 2012లో ఏఏఐబీ అనే వేరే దర్యాప్తు సంస్థ వచ్చింది. ప్రతి విమానయాన సంస్థలోనూ చీఫ్ ఆఫ్ ఫ్లైట్ సేఫ్టీ ఉండాలి. ఆ అధికారి నేరుగా సంస్థ అధిపతికే జవాబుదారీ కావాలి. విమానాలను సమయానికి నడిపించే విభాగం కింద ఉంటే, ఆపమని చెప్పే నోరు లేవదు. ముఖ్యమంత్రులు ఎక్కే హెలికాప్టర్లకు ఈ స్వేచ్ఛ మరింత అవసరం.

పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో, ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చదివే పిల్లలకు ఈ భద్రతా వృత్తి గురించి చెప్పాలి. ఇందులో సగం పని ప్రమాదాలతో కాదు, క్షేమంగా దిగిన విమానాలతోనే. ఏ విమానం రన్‌వే మీదికి మరీ వేగంగా వచ్చిందో, ఏది మరీ నిట్టనిలువుగా దిగిందో రికార్డుల్లో పట్టుకోవాలి. ఆ పైలట్‌ను పిలిచి, శిక్ష భయం లేకుండా ఏం జరిగిందో చెప్పించాలి.