తొందరపాటు నిర్ణయానికి దీవుల్లో మూల్యం ఎక్కువ: వ్యాపార సమస్యలకు నాలుగు మెట్ల పద్ధతి

ప్రధాన భూభాగంలో ఒక వ్యాపారి పొరపాటున పనికిరాని యంత్రం కొంటే, మరునాడే దుకాణానికి వెళ్లి మార్చుకోగలడు. అండమాన్ నికోబార్ దీవుల్లో ఆ వెసులుబాటు లేదు. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) నుంచి చెన్నైకి, విశాఖపట్నానికి సముద్రమార్గం సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడ ప్రయాణానికి దాదాపు మూడు రోజులు పడుతుంది. ఓడ దొరకాలి, వాతావరణం అనుకూలించాలి. అందువల్ల ఇక్కడ తప్పుడు నిర్ణయాన్ని సరిదిద్దుకోవడానికి డబ్బుతో పాటు వారాల కాలమూ ఖర్చవుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల ప్రజల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. చేపల వేట, చేపల వ్యాపారం, చిల్లర దుకాణాలు వీరిలో అనేక కుటుంబాలకు జీవనాధారం. సమస్య ఎదురైనప్పుడు అనుభవాన్నే నమ్ముకోవడం వీరికి అలవాటు. అనుభవం విలువైనదే. అయితే దానికి ఒక క్రమం తోడైతే నష్టం తగ్గుతుంది.

పద్ధతి పుట్టుక

1950వ దశకంలో అమెరికాలోని ర్యాండ్ కార్పొరేషన్‌లో పనిచేసిన చార్లెస్ కెప్నర్, బెంజమిన్ ట్రెగో అనే ఇద్దరు పరిశోధకులు, వైమానిక దళ అధికారులు నిర్ణయాలు తీసుకునే తీరును గమనించారు. మంచి నిర్ణయానికి హోదా కంటే సమాచారాన్ని సేకరించి, క్రమంలో పెట్టి పరిశీలించే అలవాటే ముఖ్యమని వారు గ్రహించారు. 1958లో తమ పేర్లతోనే సంస్థను స్థాపించారు. 1965లో ‘ద రేషనల్ మేనేజర్’ అనే గ్రంథాన్ని వెలువరించారు. వారి పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి: పరిస్థితిని విడదీయడం, కారణాన్ని కనుగొనడం, మార్గాన్ని ఎంచుకోవడం, రాబోయే చిక్కులను ముందే ఊహించడం.

ఈ నాలుగు మెట్లను ఒక ఊహాజనిత ఉదాహరణతో పరిశీలిద్దాం.

మొదటి మెట్టు: విడదీయడం

జంగ్లీఘాట్‌లో ఒక చేపల వ్యాపారి ఉన్నాడనుకుందాం. స్వరాజ్ ద్వీప్‌లోని హోటళ్లకు పడవలో పంపుతున్న చేపలు మెత్తబడి చేరుతున్నాయని రెండు నెలలుగా ఫిర్యాదులు వస్తున్నాయి. ‘వ్యాపారం దెబ్బతింటోంది’ అన్న ఒక్క మాటలో అతని దిగులంతా ఉంది. కాగితం మీద రాస్తే అది మూడు విషయాలుగా విడిపోతుంది: చేపలు పాడవడం, హోటళ్ల నుంచి బాకీలు రాకపోవడం, పనివాడు మానేయడం. బాకీలు ఆగిపోవడానికీ మూలం చేపలు పాడవడమే. కాబట్టి ముందు తేల్చవలసింది అదే.

రెండవ మెట్టు: కారణం

ఐసు నాణ్యత తగ్గిందని వ్యాపారి అనుమానం. వేటగాళ్లు పాత సరుకు ఇస్తున్నారని భాగస్వామి వాదన. ఇలాంటప్పుడు సమస్య ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నది పక్కపక్కనే రాయాలి. వంజరం, చందువా రెండూ పాడవుతున్నాయి కనుక చేప రకంతో సంబంధం లేదు. అదే సరుకు, అదే ఐసుతో పట్టణంలోని హోటళ్లకు వెళ్లిన పెట్టెలు బాగానే ఉన్నాయి. స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లే పెట్టెల్లోనూ సోమ, గురువారాల్లో పంపినవే పాడవుతున్నాయి. ఆ రెండు రోజుల ప్రత్యేకత ఏమిటి? రెండు నెలల క్రితం ఆ రోజుల్లో పడవ బయలుదేరే వేళ ఉదయం నుంచి మధ్యాహ్నానికి మారింది. తెల్లవారుజామున సర్దిన పెట్టెలు జెట్టీపై గంటల తరబడి ఎండలో ఉంటున్నాయి.

ఐసుదే తప్పయితే పట్టణానికి వెళ్లే పెట్టెలూ చెడిపోవాలి. నిరీక్షణే కారణమనుకుంటే ఉన్నదీ, లేనిదీ రెండూ సరిపోతున్నాయి. అయినా నిర్ధారించుకోవాలి. వచ్చే సోమవారం ఒక పెట్టెను ఎప్పటిలా జెట్టీపై ఉంచి, మరొకదాన్ని పడవ కదిలే వరకు చల్లని చోట ఉంచి పంపితే విషయం తేలిపోతుంది. ఈ పరీక్షకు ఖర్చు దాదాపు లేదు.

మూడవ మెట్టు: ఎంపిక

ఇప్పుడు మూడు మార్గాలున్నాయి: జెట్టీ సమీపంలో పెద్ద ఫ్రీజర్ పెట్టడం, దళసరి గోడల ఐసు పెట్టెలు కొనడం, సర్దే వేళను మధ్యాహ్నానికి మార్చడం. మొదట తప్పనిసరి షరతులు రాయాలి. ఖర్చు 40,000 రూపాయలు మించరాదు, రెండు వారాల్లో అమలు కావాలి. ఫ్రీజర్ ధర ఆ పరిమితిని దాటుతుంది, పైగా ఓడలో రావాలి. అది అక్కడే తొలగిపోయింది.

మిగిలిన రెండింటిని కోరదగిన లక్షణాలతో తూచాలి. లక్షణం ప్రాధాన్యాన్నీ, దానిలో మార్గానికి వచ్చిన మార్కునూ పదికి లెక్కించి, రెండింటినీ గుణించాలి. రోజువారీ ఖర్చు తక్కువగా ఉండటానికి ప్రాధాన్యం 10, పడవ ఆలస్యమైనా చేప నిలవడానికి 9, పనివారికి శ్రమ తగ్గడానికి 6 అనుకుందాం. ఐసు పెట్టెలకు వరుసగా 7, 9, 8 మార్కులు వేస్తే మొత్తం 199. వేళ మార్పునకు 9, 4, 5 వేస్తే 156. పెట్టెలే మేలని తేలింది. అంకెలు మనిషికి బదులుగా నిర్ణయించవు. ఎందుకు ఎంచుకున్నామో భాగస్వామికి చూపించగల ఆధారం మాత్రమే అవి.

నాలుగవ మెట్టు: ముందుచూపు

ఎంపికతో పని ముగియదు. సముద్రం అల్లకల్లోలమై పడవ రద్దయితే? ముందురోజు సాయంత్రమే పడవ సమాచారం తెలుసుకోవడం నివారణ. అయినా రద్దయితే ఆ సరుకును అదే రోజు పట్టణంలో అమ్మేందుకు ఒకరితో ముందే మాట్లాడుకోవడం ప్రత్యామ్నాయం. రెండూ అవసరం. ముందుచూపు విలువ ఈ దీవులకు కొత్తగా చెప్పనవసరం లేదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీ తరువాత దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, సిప్పిఘాట్ పరిసరాల్లోని పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి.

కారణాన్ని సరిగా గుర్తించడం ఎంత ముఖ్యమో ప్రజా జీవితంలోనూ చూశాం. దీవుల్లో ఇంటర్నెట్ మందగించడానికి మూలం పరిమితమైన, ఖరీదైన ఉపగ్రహ అనుసంధానం. చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. ఫోను మార్చినా, మోడెం మార్చినా తీరని ఇబ్బందికి ఆ మూలం దగ్గరే పరిష్కారం దొరికింది.

చిన్న వ్యాపారికి ఈ పద్ధతి కోసం కంప్యూటరు గానీ సలహాదారు గానీ అవసరం లేదు. ఒక నోటుపుస్తకం, ఒక గంట సమయం చాలు. అప్పు తీసుకునే ముందు, సరుకు ఆర్డరు పెట్టే ముందు, పనివాడిని తప్పుపట్టే ముందు ఆ గంటను కేటాయించగలిగితే, ఓడ మోసుకొచ్చే అనవసరపు ఖర్చును రేవు దాటకముందే ఆపవచ్చు.