రామేశ్వర ద్వీపమున బ్యాటరీ సైకిలు

రామేశ్వరయాత్ర చేసివచ్చిన స్త్రీలు మన తెలుగుదేశమున వేలకొలది కలరు. వారిలో నెవరినైనను అడిగి చూడుడు. ఇరువదిరెండు తీర్థముల స్నానము, తడిచీరతో ప్రాకారములలో నడక, స్వామిదర్శనము, పిమ్మట వ్యానులో ధనుష్కోటి, అచ్చట డ్రైవరు దయతో నిచ్చిన అరగంట. ఇంతకు మించి చెప్పువారు అరుదు. తాము రెండు దినములు నిలిచినది నలువైపుల సముద్రముగల యొక ద్వీపమను సంగతి వంతెన దాటునపుడు తోచి, ఆ వెనుక మఱపున బడును. ఇది వారి లోపము కాదు. బండి యొకరిది, తొందర వేఱొకరిది. నచ్చినచోట ఆపుమని చెప్పు నధికారము మాత్రము ఇల్లాలిది కాదు.

ఆ యధికారమును చేతికిచ్చు వాహనము బ్యాటరీ సైకిలు. చూచుటకు సామాన్యమైన సైకిలే. చక్రము నడుమ చిన్న మోటారును, చట్రమునకు తగిలించిన బ్యాటరీయును దాని విశేషములు. మనము త్రొక్కగనే మోటారు ఆ కదలికను గ్రహించి, వెనుకనుండి యెవరో మెల్లగా త్రోసినట్లు సాయపడును. త్రొక్కుట మానిన నూరకుండును. మోటారు 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును లోబడియున్నచో, మన దేశమున దానికి లైసెన్సుగాని రిజిస్ట్రేషనుగాని అక్కఱలేదు. బాల్యమున నేర్చి పెండ్లితో విడిచిన సైకిలును, మోకాళ్లు మొరాయించు వయస్సున మరల నెక్కుటకు ఇంతకంటె సుళువైన దారి లేదు. చీర కట్టువారు నడిమి కడ్డీ లేనిదియు, గొలుసునకు తొడుగును, వెనుక చక్రమునకు వలయును గలదియు నెన్నుకొనవలయును.

ఊరు చిన్నది, 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో 45 వేలకు లోపే. తెల్లవాఱుజామున బయలుదేఱినచో వీథులు మనవే. గుమ్మముల ముందు అఱవ స్త్రీలు కోలములు దిద్దుచుందురు. మన ముగ్గునకు దానికిని భేదమేమో ఒక కాలు నేలనూని చూడవచ్చును. వ్యానులోనివారి కీ భాగ్యము లేదు. సేతుపతుల పోషణలో వృద్ధిపొందిన ఆలయమున 1212 స్తంభముల మూడవ ప్రాకారమును నడచియే చూడవలయును గనుక, సైకిలును బయట తాళము వేసి, బ్యాటరీని వెంట దీసికొనిపోక బసలోనే యుంచి వచ్చుట మేలు. అచ్చటినుండి గంధమాదనమునకు రెండుమూడు కిలోమీటర్లు. ద్వీపమున కెల్ల ఎత్తైన యిసుకదిబ్బ యది. ఆ యెక్కుడు దారిలోనే మోటారు ఉపకార మెంతటిదో తెలియును. పైనుండి చూచిన ఊరు, గోపురము, దాని కావల నీలిసముద్రము నొక్కచూపులో నిమిడిపోవును.

ఈ ద్వీపమునకు ఉత్తరమున పాక్ సముద్రము, దక్షిణమున మన్నారు సింధుశాఖ. మొదటిది సామాన్యముగా నెమ్మదియైనది కావున జాలరులు దానిని ఆడుకడలి యనియు, రెండవది ఉగ్రమైనది కావున మగకడలి యనియు పిలుతురు. ఈశాన్యపు గాలులు వీచునపుడు ఆడుకడలికిని కోపము వచ్చునట. పేరు పెట్టినవారు ఆ మాటను పేరులో చేర్పలేదు!

పంబను దిక్కున, ఊరికి పది పండ్రెండు కిలోమీటర్ల దూరమున, చిన్నపాలెము మొదలగు పల్లెలు కలవు. అచటి స్త్రీలు ఊపిరి బిగబట్టి సముద్రమున మునిగి పాచిని కోసి బ్రతుకుదురు. ఆ పాచినుండి తీయు పదార్థములు మిఠాయిలు గట్టిపడుటకు మొదలు మందుల వఱకు ఉపయోగపడును. పాచి మరల పెరుగుటకు వ్యవధి యుండవలెనని, నెలకు 12 దినములు మాత్రమే కోయుదుమని వారు తమలో తామే కట్టుబాటు చేసికొనిరి. ఆ గ్రామపు స్త్రీ యొకతెకు 2015వ సంవత్సరమున సీకాలజీ అను సంస్థవారి అంతర్జాతీయ బహుమానము లభించినది. స్వామిదర్శనమునకై వచ్చి ఈ స్త్రీలను చూడక పోవుట నాకు పెద్ద కొఱతగా తోచును.

ఇక ధనుష్కోటి. ఇచ్చటనే కాగితము, పెన్సిలు తీసికొనవలయును. సామాన్యమైన బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ గంటలు. అనగా 360 వాట్ గంటలు. కిలోమీటరునకు 10 మొదలు 15 వఱకు ఖర్చగును. అది 24 మొదలు 36 కిలోమీటర్లకు సరిపోవును. ఊరినుండి అరిచల్ మునై అను కొనకు పోయి రాగా నలువదికి చేరువ! ఆవల చార్జి చేయు వసతిని నమ్మరాదు. గాలి ప్రక్కనుండి కొట్టును. ఇసుక రోడ్డుపైకి వచ్చి చక్రమును పట్టుకొనును. బ్యాటరీ అయిపోయిన పిమ్మట ఇరువది కిలోలకు పైబడిన బరువును మన కాళ్లే ఈడ్వవలయును. కాబట్టి రెండవ బ్యాటరీ వెంటనుండవలయును. లేనిచో బల్లపరపు దారిలో సాయమును తగ్గించుకొని త్రొక్కవలయును. సగము కాకమునుపే మరలవలయును. కోదండరామస్వామి గుడివఱకు పోయి వచ్చినను యాత్ర నిష్ఫలము కాదు. 1964వ సంవత్సరపు తుపానునకు నిలిచిన గుడి యది.

ఆ సంవత్సరము డిసెంబరు 22వ తేది రాత్రి సముద్రము ఊరిమీదికి వచ్చినది. పంబనునుండి వచ్చుచున్న రైలును నూరుమందికి పైగా ప్రయాణికులతో మ్రింగివేసినది. అంతకుమునుపు ధనుష్కోటిలో రైలు దిగి, ఓడయెక్కి, తలైమన్నారులో దిగి సింహళమునకు పోవువారు. స్టేషను, దేవళము, క్రైస్తవ దేవాలయము గోడలుగా మిగిలినవి. నివాసయోగ్యము కాదని ప్రభుత్వమువారు ప్రకటించినను జాలరి కుటుంబములు గుడిసెలలో నున్నవి. కొనవఱకు మరల రోడ్డు పడినది 2017వ సంవత్సరముననే. వ్యానులో ఈ గోడలు రెండు నిమిషములలో వెనుకబడును. సైకిలుపై నెమ్మదిగా పోవువారికి గవ్వలమ్ము స్త్రీ పలుకరించును, బావినీరు తీయునదో ఉప్పో యడిగి తెలిసికొనవచ్చును.

సాయంకాలము తరువాత అచ్చట నుండనీయరు. మూడుగంటలకే తిరుగుముఖము పట్టుట మంచిది. బసకు చేరినవెంటనే గొలుసును తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, నూనె వేయుడు. ఉప్పుగాలి రాత్రికి రాత్రియే త్రుప్పు పట్టించును.