పాత కెమెరా రంగు ఎక్కడిది?

కృష్ణానది ఒడ్డున, జగ్గయ్యపేట దగ్గరున్న వేదాద్రిలో 2005 ప్రాంతంలో తీసిన పెళ్లి ఫొటోనీ, నిరుడు తీసిన పెళ్లి ఫొటోనీ పక్కపక్కన పెడితే తేడా ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. పాతదాంట్లో పట్టుచీర ఎరుపు ముద్దగా, నిండుగా ఉంటుంది. మండపం నీడ కన్ను చొరనంత నల్లగా ఉంటుంది. వెనక కృష్ణమీద ఎండ పడినచోట నీళ్లు కనపడవు, ఉత్త తెలుపే. కొత్తదాంట్లో నీడలో ఉన్న స్తంభాల చెక్కుళ్లు సైతం కనపడతాయి, నీళ్లమీద అలలు కూడా దక్కుతాయి. అయినా చూసినవాళ్లు ‘ఏదో చప్పగా ఉంది’ అంటారు. ఈ చప్పదనం మీద విసుగుతోనే ప్రపంచమంతటా కుర్రకారు ఇరవై ఏళ్లనాటి డిజిటల్ కెమెరాలను అటకల మీదనుంచి దించుతున్నారు, సెకండ్‌హ్యాండ్‌లో వెతికి కొంటున్నారు. అప్పటి కెమెరాల్లో సీసీడీ అనే చిప్ ఉండేదనీ, ఆ రంగు దాని గుణమనీ, సీమాస్ చిప్ వచ్చాక అది పోయిందనీ చెప్పుకుంటారు. పాత ఫొటోకూ కొత్త ఫొటోకూ స్వభావంలో తేడా ఉన్నమాట వాస్తవం. దానికి చెబుతున్న కారణమే నిలబడదు. ఆ రంగు చాలావరకు చిప్‌లో పుట్టింది కాదు, చిప్ ఇచ్చిన అంకెలను బొమ్మగా మార్చేటప్పుడు ఇంజనీర్లు తీసుకున్న నిర్ణయాల్లో పుట్టింది. మిగతాది ఆనాటి దీపాలది, ఫ్లాష్‌ది.

ముందు ఈ రెండు చిప్‌లు చేసే పని చూద్దాం. సీసీడీని 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు. అందుకు 2009లో వాళ్లకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కెమెరాల్లో ఇప్పుడు వాడే తరహా సీమాస్ చిప్‌కు 1990లలో నాసా వారి జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ రూపమిచ్చాడు. రెండూ సిలికాన్ పలకలే. వెలుగు పడితే రెండింటిలోనూ ఎలక్ట్రాన్లు పోగవుతాయి. పోగైనదాన్ని కొలిచే తీరులోనే తేడా. ఇల్లు అంటుకుంటే బావి దగ్గరనుంచి వరుసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు, సీసీడీలో ఒక్కో గడిలోని విద్యుదావేశం పక్క గడికి, అక్కడినుంచి ఆ పక్కదానికి చేరుతూ చివరన ఉన్న కొలత స్థానానికి వెళుతుంది. సీమాస్‌లో ఏ గడికా గడి దగ్గరే చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది, ఎక్కడిదక్కడే కొలుస్తారు. ఈ రెంటిలో ఏ ఒక్కటీ రంగును గుర్తించదు. సిలికాన్‌కు తెలిసింది వెలుగు ఎంత పడిందన్నదే. రంగు తెలియడానికి గడుల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు అతికిస్తారు. కొడాక్‌లో బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంటు వచ్చింది. సీసీడీ మీదైనా సీమాస్ మీదైనా సాధారణంగా ఉండేది ఆ అమరికే.

ఇక చరిత్ర చూసినా సీసీడీ వాదం కుదరదు. కెనాన్ 2000లో ఈఓఎస్ డీ30 అనే కెమెరాను 3 మెగాపిక్సెళ్ల సీమాస్ చిప్‌తోనే తెచ్చింది. 2005లో వచ్చిన కెనాన్ 5డీ కూడా సీమాసే. పాత కెమెరాల రంగును మెచ్చుకునేవాళ్లు తరచు తలచుకునే పేర్లలో ఆ 5డీ ఒకటి! సీమాస్‌తో ఆ రంగు పోయిందంటే దీన్ని ఏ లెక్కలో వేస్తారు? అటునుంచి చూసినా అంతే. 2002 నుంచి రెండు మూడేళ్లలో నైకాన్ డీ100, పెంటాక్స్ *ఇస్ట్ డీ, కోనికా మినోల్టా 7డీ కెమెరాలు సోనీ తయారుచేసిన 6 మెగాపిక్సెళ్ల సీసీడీతోనే వచ్చాయి. అయినా మూడు కంపెనీల ఫొటోలు మూడు రకాలుగా ఉండేవి, ఎవరి అభిమానులు వారికుండేవారు. అంతెందుకు, 2004 నాటి నైకాన్ డీ70 మెనూలోనే 1ఎ, 2, 3ఎ అని మూడు రంగు పద్ధతులు ఉండేవి. మనుషుల ఫొటోలకని మొదటిది, ప్రకృతి దృశ్యాలకని మూడోది. బటన్ నొక్కి పద్ధతి మారిస్తే అదే కెమెరా, అదే చిప్, అదే ఎండ, రంగు మాత్రం వేరు.

మరి పాత ఫొటోకు ఆ నిండుదనం ఎలా వచ్చింది? నా ఉద్దేశంలో ఎక్కువ భాగం ఒక లోపాన్ని దాచబోయి వచ్చింది. అప్పటి చిప్‌లలో కొలత దగ్గరే విద్యుత్ రొద ఎక్కువ. వెలుగు తక్కువగా పడిన గడుల్లో అసలు సంకేతం ఆ రొదలో కలిసిపోయేది. నీడను కాస్త తేటపరిస్తే స్తంభాలకు బదులు రంగురంగుల ఇసుక బయటపడేది. అందుకని ఇంజనీర్లు ఆ నీడలను నలుపులోకి దించేశారు. పైన వెలుగువైపు కూడా జాగా తక్కువే కాబట్టి ఎండ పడిన రాతిమెట్లు, నదీజలం తెల్లగా కొట్టేసేవి. కొలతల ప్రకారం డీ70 లాంటి కెమెరా వెలుగుకూ నీడకూ నడుమ సుమారు 10 స్టాపుల తారతమ్యం పట్టేది, 2018 నాటి సోనీ ఏ7-3 లాంటిది 14 స్టాపుల దాకా పడుతుంది. ఒక్కో స్టాపూ వెలుగును రెట్టింపు చేస్తుంది కాబట్టి నాలుగు స్టాపులంటే పదహారింతలు. నీడ నల్లగా, ఎండ తెల్లగా అయిపోతే మిగిలిన మధ్య రంగులన్నీ ఆ రెండింటి నడుమ విడివిడిగా, ఘాటుగా నిలబడతాయి. కన్నుకు దాన్లో దమ్ము కనిపిస్తుంది. కొత్త కెమెరాకు దాచుకోవలసినంత రొద లేదు. అందుకే నీడను నీడగా వదలకుండా దాన్ని కూడా తెరిచి చూపిస్తుంది. చప్పదనం అంటున్నది దాన్నే. అది చిప్‌కున్న శక్తి, ఆ శక్తిని ఎక్కడ ఆపాలో తేల్చుకోకపోవడం మాత్రం మనిషి పని.

ఎరుపు సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే జగ్గయ్యపేట, నందిగామ వైపు కెమెరాకు అసలు పరీక్ష అదే. మాఘ ఫాల్గుణాల్లో ఏ మిరప కల్లం దగ్గరైనా కెమెరా పెట్టి చూడండి. పట్టాలమీద ఆరబోసిన కాయలను దగ్గరగా చూస్తే ఒక్కో కాయకూ ముడతలుంటాయి, ముడత వంపులో మెరుపు గీత ఉంటుంది, తొడిమ దగ్గర గోధుమరంగు తిరుగుతుంది, మధ్యమధ్య పాలిపోయిన తాలు కాయలు ఏరివేతకు ఎదురుచూస్తుంటాయి. పాత కెమెరా తానే తయారుచేసి ఇచ్చే జేపెగ్ బొమ్మలో ఇవేవీ ఉండవు, ఒకటే ఎర్రటి ముద్ద. కారణం ఇది: కెమెరా వెలుగును అంచనా కట్టేటప్పుడు ఆకుపచ్చకు ఎక్కువ తూకం వేస్తుంది. మిరపకాయల్లో ఆకుపచ్చ దాదాపు ఉండదు కాబట్టి ‘ఇక్కడ వెలుగు తక్కువే’ అనుకుంటుంది. ఈలోగా ఎరుపు గడులు అంచుదాకా నిండిపోతాయి. తొలినాటి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో చాలావాటికి వెలుగు పంపకాన్ని గ్రాఫుగా చూపే హిస్టోగ్రాం ఒక్కటే ఉండేది, అందులో అంతా సవ్యంగానే కనపడేది. మూడు రంగులకూ మూడు హిస్టోగ్రాంలు వచ్చాక గానీ ఎరుపు పగిలిపోతోందని తీసేవాడికి అక్కడికక్కడే తెలియలేదు. దానికితోడు 1996లో కంప్యూటర్ తెరలకోసం ఏర్పరిచిన ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పరిధిలో పండుమిర్చి ఎరుపు, కుంకుమ ఎరుపు పూర్తిగా ఇమడవు. ఆ పరిమితి కొత్త కెమెరాకూ ఉంది, కాకపోతే అది అంచుకు చేరేముందు మెల్లగా వంచుతుంది. పెళ్లికూతురి చీర ‘నిండు ఎరుపు’ అని మురిసిపోతున్నచోట నిజానికి పోయింది చీర నేత. నిండుగా కనపడటం నిజమే, నేత పోవడమూ నిజమే. రైతుకు తాలు కాయ తెలియాలి కాబట్టి కల్లం దగ్గర ఆ రంగు పనికిరాదు.

పాతవీ కొత్తవీ పోల్చేటప్పుడు చాలామంది దీపాలను మరిచిపోతారు. ఇరవై ఏళ్లనాడు రాత్రి ముహూర్తమంటే వీడియోవాళ్ల హాలోజెన్ లైట్లు, కెమెరా నెత్తిన ఫ్లాష్. హాలోజెన్ కాంతిలో ఎరుపు భాగం పుష్కలం, పసుపు రాసిన ముఖాలకు అది వెచ్చదనమిచ్చేది. ఇప్పుడు చౌకరకం ఎల్‌ఈడీ ప్యానెళ్లు. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలికాంతి చిప్, దానిపైన పసుపు కాంతినిచ్చే పూత. నాసిరకం వాటిలో ముదురు ఎరుపు బాగా తక్కువ. మూల కాంతిలోనే లేని ఎరుపును ఏ చిప్ తెచ్చిపెడుతుంది? ఉత్సవాల సమయంలో గుడి గోపురాలకు చుట్టే నీలం, ఊదా సీరియల్ లైట్లలో నీలం గడులు మిరపకాయ దగ్గర ఎరుపు నిండినట్టే నిండిపోతాయి. ఆ వెలుగులో నిలబడిన మనుషుల ముఖాలు పాలిపోతే నింద కెమెరాకు పోతోంది.

ఈ వాదానికి ఎదురుమాటలు లేకపోలేదు. పాత చిప్‌లమీద ఫిల్టర్లు చిక్కగా ఉండేవనీ, చీకట్లో తీయగలగడం కోసం తర్వాత పలచన చేశారనీ, అందుకే రంగులు కలగాపులగం అవుతున్నాయనీ ఒకటి. ఫిల్టర్ చిక్కబడితే రంగులు బాగా విడిపోతాయి, వెలుగు తగ్గుతుంది. ఆ బేరం నిజమే. కానీ ఫిల్టర్ అతికించేది చిప్ పైన, దాన్ని సీసీడీ మీద ఎంత చిక్కగా వేయవచ్చో సీమాస్ మీదా అంతే చిక్కగా వేయవచ్చు. కాబట్టి అది ఫిల్టర్ గొప్ప, సీసీడీది కాదు. బొమ్మ తీరు వెలుగు పట్టే పలకను బట్టే అన్న మాట, పురాతత్వవేత్త జేమ్స్ బర్జెస్ 1882లో జగ్గయ్యపేట బౌద్ధ స్తూపాన్ని పరిశీలించిన రోజుల్లోనైతే అక్షరాలా చెల్లేది. ఆనాటి ఫొటో పలకల రసాయనం నీలికాంతికే ఎక్కువ స్పందించేది, ఎర్రటి బొట్టు నల్లగా పడేది, నీలాకాశం తెల్లబోయేది. పలక ఏదైతే బొమ్మ అదే. డిజిటల్‌లో ఆ బంధం తెగిపోయింది.

రెండో ఎదురుమాట ఇంతకంటే గట్టిది, ఒప్పుకోక తప్పదు. మామూలు కెమెరాలో ఫ్లాష్ వాడితే షట్టర్ వేగం సెకనులో 200 లేదా 250వ వంతు దాటకూడదు. డీ70, 2006లో వచ్చిన డీ40 కెమెరాల్లోని సీసీడీ వెలుగు పట్టడాన్ని తనంత తాను మొదలుపెట్టి ఆపగలదు కాబట్టి 500వ వంతులో కూడా ఫ్లాష్ కలిసొచ్చేది. నది ఒడ్డున మిట్టమధ్యాహ్నపు ఎండలో దంపతులను నిలబెట్టి తీసేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. షట్టర్ వేగం రెట్టింపైతే ఎండ వాటా సగమవుతుంది, ఫ్లాష్ వాటా అలాగే ఉంటుంది. ఆకాశం ముదురుతుంది, కళ్లకింద నీడలు పోతాయి, ముఖం ముందుకొస్తుంది. జనం మెచ్చే పాత రంగులో కొంత ఇదే, ఇది చిప్ పుణ్యమే. అలాగని సీసీడీకే రాసిపెట్టిన వరమూ కాదు. ఫ్రేమంతా ఒకేసారి పట్టే సీమాస్ చిప్‌తో సోనీ ఏ9-3 వచ్చింది, అందులో ఆ 250 అడ్డంకి లేనేలేదు.

అసలు కొత్త కెమెరాను తిడుతున్నవాళ్లు చాలామంది పాతదాన్ని పోల్చేది కొత్త కెమెరాతో కాదేమో, చేతిలోని ఫోనుతో. ఫోను ఒక్క ఫొటోకు వరుసగా ఎన్నో ఫ్రేములు తీసి కలిపేస్తుంది. ఎండ, నీడ, మొహం, మొయిలు అన్నిటికీ ఒకే మోతాదు వెలుగు పంచుతుంది. అది ఎవరో కూర్చుని చేసిన నిర్ణయం. చర్మపు రంగు విషయంలో ఇలాంటి నిర్ణయాల చరిత్ర ఇంకా పాతది. ఫిల్మ్ కాలంలో ల్యాబులకు కొడాక్ పంపే ‘షెర్లీ కార్డు’ మీద తెల్లజాతి యువతి బొమ్మ ఉండేది, రంగు సరిచూసుకునేది ఆమె చర్మాన్ని బట్టే. 2021లో గూగుల్ పిక్సెల్ 6 ఫోన్లో ‘రియల్ టోన్’ పేరుతో నల్లని, చామనఛాయ ముఖాలను ఉన్నదున్నట్టు చూపించే ప్రయత్నం చేసింది. ఇక మన స్టూడియోల్లో మిక్సింగ్‌కు కూర్చున్న కుర్రాడిని ‘అమ్మాయిని కొంచెం కలర్ లేపు’ అని అడిగే బంధువుల సంగతి చెప్పనక్కర్లేదు. చామనఛాయ పెళ్లికూతురు ఆల్బమ్‌లో తెల్లబడితే అందులో చిప్ దోషం వీసమెత్తు లేదు.

నమ్మనివాళ్లు సరిచూసుకునే దారి ఉంది. 2004లో డీ70తో తీసిన రా ఫైల్, అంటే చిప్ ఇచ్చిన అంకెలను బొమ్మగా మార్చకముందే దాచిన ఫైల్, ఎవరి దగ్గరైనా భద్రంగా ఉంటే, ఈనాటి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడవచ్చు. అంకెలు ఆనాటివే, చిప్ ఆనాటిదే, బయటికొచ్చే బొమ్మ మాత్రం ఆనాటి జేపెగ్‌లా ఉండదు. నీడ కాస్త విచ్చుకుంటుంది, రొద తగ్గుతుంది, పూర్తిగా నిండిపోని ఎరుపులో ముడతలు కొన్ని తిరిగొస్తాయి. ఒట్టి జేపెగ్‌లే దాచుకున్నవాళ్లకు ఆ అవకాశం లేదు, అందులో ఒక్కో రంగుకు 256 మెట్లే, పోయింది పోయినట్టే. అందుకని పెళ్లివారు ఆల్బమ్‌తోపాటు రా ఫైళ్లు కూడా అడిగి తీసుకోవడం మంచిది. పాత కెమెరా కొనాలని ముచ్చటపడేవాళ్లు కొనుక్కోవచ్చు, కానీ లెక్క చూసుకోవాలి. డీ40 ఫొటో వెడల్పు 3008 పిక్సెళ్లు. 36 అంగుళాల ఆల్బమ్ షీటు నిండా ఒకే ఫొటో పరిస్తే అంగుళానికి 84 కూడా రావు, మేలైన ముద్రణకు 300 కావాలంటారు. మిట్టమధ్యాహ్నం ఫ్లాష్ వేసి తీసేవాళ్లకు అది ఇప్పటికీ పనికొచ్చే కెమెరా. రంగు కోసమే అయితే ఉన్న కెమెరాలోనే నీడలు దించి, కాంట్రాస్టు పెంచి ఒకసారి తీసి చూడండి, డబ్బు మిగులుతుంది.