లీటరు వేరు, కిలో వేరు
నూనె డబ్బా కొనేటప్పుడు లెక్క చూసుకోవాలి

పరకాల: పదిహేను లీటర్ల నూనె డబ్బా, పదిహేను కిలోల నూనె డబ్బా పక్కపక్కన పెడితే చూపుకు పెద్దగా తేడా కనిపించదు. కాని రెండింటి మధ్య దాదాపు 1 కిలో 350 గ్రాముల నూనె తేడా ఉంటుంది. కిలో 150 రూపాయల చొప్పున చూసినా అది 200 రూపాయల మాట. పెండ్లిళ్లకు, పండుగలకు డబ్బాల లెక్కన నూనె కొనే పల్లె ప్రజలు ఈ తేడా గమనించకపోతే నష్టపోక తప్పదు.

లీటరు అనేది కొలత, కిలో అనేది తూకం. నీళ్ల విషయంలో మాత్రమే ఈ రెండూ ఒకటవుతాయి. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. లీటరు పాలు సుమారు 1,030 గ్రాములు, పల్లినూనె 910 గ్రాముల పైచిలుకు, కిరోసిన్ 800 గ్రాముల వరకు తూగుతాయి. నూనె నీళ్లమీద తేలేది అందుకే. లీటరు సరుకు ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకెనే బడి పుస్తకాల్లో సాంద్రత అంటారు.

ఇది పల్లెకు కొత్త సంగతి కాదు. మానికెడు వడ్లు, మానికెడు బియ్యం ఒకే తూకం రావని, తాలు ఎక్కువైతే వడ్ల తూకం తగ్గుతుందని పెద్దలకు తెలుసు. 1956లో చట్టం వచ్చి, 1958 నుంచి దశలవారీగా కిలోలు, ఆ తరువాత లీటర్లు వాడుకలోకి వచ్చాయి. కొలతలు మారినా ఆ తేడా మాత్రం అలాగే ఉంది.

లెక్క ఇలా

లీటర్లను సాంద్రతతో గుణిస్తే కిలోలు వస్తాయి. కిలోలను సాంద్రతతో భాగిస్తే లీటర్లు వస్తాయి. పల్లినూనెకు ఈ అంకె 0.91 అనుకుంటే, 15 లీటర్లు 13 కిలోల 650 గ్రాములవుతాయి. అదే 15 కిలోలైతే 16 లీటర్ల 480 మిల్లీలీటర్లవుతాయి. ఒక దుకాణంలో లీటరు 140 రూపాయలు, మరో దుకాణంలో కిలో 150 రూపాయలు ఉంటే మొదటిదే చవక అనిపిస్తుంది. కాని లీటరు 140 అంటే కిలో 154 రూపాయలు పడినట్లే.

పాలు పోసే రైతుకు లెక్క తిరగబడుతుంది. రేటు కిలోకు చెప్పి కొలత లీటరుతో తీసుకుంటే, పది లీటర్లకు 300 గ్రాముల పాలు లెక్కకు రాకుండా పోతాయి. పాలలో నీళ్లు కలిస్తే సాంద్రత తగ్గుతుంది. లాక్టోమీటరు పట్టిచ్చేది ఈ తగ్గుదలనే.

ఎండకు పెరిగే నూనె

నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల వద్ద 919 గ్రాములు, 60 డిగ్రీల వద్ద 893 గ్రాములు ఉంటుందని కేంద్ర వినియోగదారుల శాఖ తెలిపింది. కొందరు ప్యాకెట్లపై ఎక్కువ ఉష్ణోగ్రత ముద్రించి తక్కువ తూకం నింపే వీలుండటంతో, ఉష్ణోగ్రత తీసివేసి, లీటర్లతోపాటు గ్రాములు కూడా ముద్రించాలని ఆ శాఖ 2022 ఆగస్టులో ఆదేశించింది. ఇందుకు 2023 జనవరి 15 వరకు గడువిచ్చింది.

కనుక ప్యాకెట్ సైజు చూసి మోసపోకుండా, దానిపై ఉన్న గ్రాముల అంకె చదివి ధర పోల్చుకోవడం మంచిది. ముద్రించిన తూకం కంటే తక్కువ ఉన్నట్లు తేలితే తూనికలు కొలతల శాఖకు గాని, 1915 నంబరుకు గాని ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు దగ్గర ఉంచుకుంటే మేలు.