కంటి పొర సడలితే

నల్లబల్ల మీది అక్షరం పక్కన నీడలాంటి మరో అక్షరం కనిపిస్తోందని మీ తరగతిలో ఎవరైనా అంటున్నారా? ఆరు నెలలకే సైటు మారి కొత్త అద్దాలు కావలసి వస్తోందా? పైగా ఎప్పుడూ కళ్ళు నులుముకుంటుంటారా? అయితే ఇది చదవండి.

నల్లగుడ్డు ముందు, గడియారపు గాజుబిళ్ళలా వంపు తిరిగిన పారదర్శకమైన పొర ఉంటుంది. దాని పేరు శుక్లపటలం. డాక్టర్లు కార్నియా అంటారు. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే! అయినా కంటిలో కాంతిని వంచే పని మూడింట రెండు వంతులు దానిదే. చాలామంది ఆ ఘనత అంతా లోపలి కటకానికే కట్టబెడతారు.

ఈ పొరకు బలం కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. కంటిలోని ద్రవం పొరను ఎప్పుడూ బయటికి నెడుతూనే ఉంటుంది. కొందరికి యుక్తవయస్సులో ఈ పోగుల పట్టు తగ్గుతుంది. నులక వదులైన మంచం బరువుకు కిందికి దిగినట్లు, పలచబడిన పొర శంకువులా ముందుకు ఉబుకుతుంది. దీన్నే కెరటోకోనస్ అంటారు. కళ్ళు గట్టిగా నులిమితే ఇది ముదిరే ప్రమాదం ఉంది.

మరి నులక బిగించేదెలా? జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో థియో సైలర్, ఎబర్‌హార్డ్ స్పోర్ల్ మొదలైనవారు 1990లలో ఒక దారి కనిపెట్టారు. రోగులపై తొలి ఫలితాలు 2003లో వెలువడ్డాయి. దానికి వాడేది పాలలో, గుడ్లలో ఉండే బి-2 విటమినే! దాని రసాయన నామం రైబోఫ్లావిన్.

మత్తు చుక్కలు వేసి, శుక్లపటలం పైనున్న పలుచని కణాల వరుసను మధ్యభాగంలో తొలగిస్తారు. అరగంటసేపు పసుపుపచ్చని రైబోఫ్లావిన్ చుక్కలు వేస్తారు. తర్వాత, మొదట రూపొందిన పద్ధతిలో, మరో అరగంట అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తారు. ఆ కాంతిని పీల్చుకున్న రైబోఫ్లావిన్ చురుకైన ఆక్సిజన్‌ను పుట్టిస్తుంది. దానివల్ల పోగుల మధ్య కొత్త రసాయన బంధాలు ఏర్పడి పొర గట్టిపడుతుంది. అంతేకాదు, కిరణాలు లోపలి కటకాన్నీ నేత్రపటలాన్నీ చేరకుండా చాలావరకు అడ్డుకునేదీ రైబోఫ్లావినే. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

అయితే పొర మరీ పలచనైతే చిక్కే. ఈ పద్ధతికి కనీసం 400 మైక్రాన్ల మందం ఉండాలి. లేకపోతే పొర అడుగునున్న కణాలు దెబ్బతింటాయి. అవి మనకు మళ్ళీ పుట్టవు. చికిత్స అయ్యాక కొద్ది రోజులు నొప్పి, చూపు మసక ఉంటాయి. అరుదుగా చీము పట్టవచ్చు. ఉబ్బిన పొర మామూలు ఆకారానికి పూర్తిగా రాదు, ఇంకా ఉబ్బకుండా సాధారణంగా ఆగుతుంది. అద్దాలో, కాంటాక్ట్ లెన్సులో మామూలే. బాగా ముదిరాక మిగిలేది చాలాసార్లు దానం చేసిన శుక్లపటలాన్ని అమర్చే ఆపరేషనే.

కన్ను దురదగా ఉంటే నులమకండి, డాక్టరుకు చెప్పండి. దానికి వేరే చుక్కలున్నాయి. శుక్లపటలం వంపులను రంగుల పటంగా గీసే యంత్రానికి ఒక్కో కంటికి కొద్ది నిమిషాలు చాలు. కొన్ని నెలల తేడాతో తీసిన రెండు పటాలను పక్కపక్కన పెడితే, శంకువు పెరుగుతున్నదీ లేనిదీ తెలిసిపోతుంది.